మైదానంలో రాజేశ్వరి: స్వేచ్ఛలోకి వెళ్ళిందా, స్వేచ్ఛ నుంచి పారిపోయిందా?

కాకినాడ విద్యార్థిని

అందరికీ నమస్కారం. చలం 1927 నాటి నవల ‘మైదానం’ మూడోసారి చదివాను. పదిహేడేళ్ళ వయసులో మొదటిసారి చదివినప్పుడు రాజేశ్వరి మీద ఈగ వాలినా ఊరుకునేదాన్ని కాదు. ఇప్పుడు ఎం.ఎ.లో మనోవిజ్ఞాన శాస్త్రం చదువుతున్నాను. మూడు రోజులుగా ఒకే ప్రశ్న తొలుస్తోంది, మీ ముందు పెడుతున్నాను.

ఎరిక్ ఫ్రామ్ 1941లో స్వేచ్ఛ నుంచి మనుషులు పారిపోవడం గురించి ఒక పుస్తకం రాశాడు. జర్మనీ విడిచి వచ్చినవాడు. కోట్లమంది తమంతట తామే హిట్లర్ కాళ్ళ దగ్గర స్వేచ్ఛను ఎందుకు పెట్టేశారన్నది ఆయన బాధ. సంకెల తెగడం ఒకటి, సంకెల తెగిన చేతులతో ఏదైనా చేయగలగడం మరొకటి అంటాడు. మొదటిది దొరికి రెండోది దొరకని మనిషికి ఒంటరితనం, దిగులు. వాటిని భరించలేక మూడు దారుల్లో పరుగెడతాడు: మరో బలమైన మనిషికి లొంగిపోవడం, కనిపించినదాన్ని ధ్వంసం చేయడం, నలుగురిలో ఒకడై కరిగిపోవడం.

రాజేశ్వరి ప్లీడరు భార్య. ఇల్లు, పరువు, కులం అన్నీ వదిలి, ప్రేమించిన అమీర్‌తో మైదానంలోకి వెళ్ళిపోయింది. సంకెల తెగింది, ఒప్పుకుంటాను. ఆ తర్వాత? అమీర్ నవ్వితే పగలు, అలిగితే రాత్రి. గర్భం వస్తే దాన్ని ఉంచుకోవాలా వద్దా అన్నదాని మీద కూడా అతని పట్టుదలే. భర్త ఇంట్లో శరీరం అతనిది, మనసు తనది. మైదానంలో రెండూ అమీర్‌కే ఇచ్చేసింది. ఇది ఫ్రామ్ చెప్పిన మొదటి దారి కాదా? కాదని ఎవరైనా నన్ను ఒప్పిస్తే సంతోషిస్తాను.

అమలాపురం మాస్టారు

అమ్మాయీ, ప్రశ్న బాగుంది, జవాబులోనే తొందరపడ్డావు. నలభై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, ఫ్రామ్‌ను కూడా కొంత చదివాను. ఆయన చెప్పిన లొంగుబాటు భయంలోంచి పుడుతుంది. తానొక్కడూ నిలబడలేనన్న భయం. రాజేశ్వరిలో ఆ భయం ఎక్కడుందో పేజీ చూపించు. ఎండకు భయపడదు, ఊరికి భయపడదు, పాపానికి అసలే భయపడదు.

ఇంకో సంగతి. ఫ్రామ్ రోగం చెప్పి ఊరుకోలేదు, మందు కూడా చెప్పాడు. మనిషి లోపలినుంచి సహజంగా పొంగే ప్రేమా పనీ లోకంతో మళ్ళీ కలుపుతాయనీ, నిజమైన స్వేచ్ఛ అదేననీ అన్నాడు. లెక్కలేని ప్రేమ, ఏటి నీళ్ళలో ఆట, ఇసుక, వెన్నెల. సహజమైన పొంగు అంటే ఇంకెలా ఉంటుందమ్మా? 1927లో ఒక గృహిణి తన శరీరం తనదని చెప్పడమే ఒక పెద్ద సంఘటన. అమీర్ మంచివాడా చెడ్డవాడా అన్నది వేరే సంగతి.

కాకినాడ విద్యార్థిని

మాస్టారూ, ‘ప్రేమ, పని’ అన్నారు. ప్రేమ ఉంది, ఒప్పుకుంటాను. పని ఏది?

ఇక్కడ నాకు మరో సిద్ధాంతం పనికొచ్చింది. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే ఇద్దరు అమెరికన్లు 1985లో ఒక పుస్తకంగా తెచ్చిన స్వీయ నిర్ణయ సిద్ధాంతం. మనిషి మనసుకు మూడు ఆకళ్ళు అంటారు వాళ్ళు. నేను చేసేది నా ఇష్టంతో చేస్తున్నాననే భావన ఒకటి. ఒక పని నాకు చేతనవుననే భావన రెండోది. నాకంటూ మనుషులు ఉన్నారనే భావన మూడోది. నా మొదటి టపాలో నేనే తప్పు చేశానని ఈ సిద్ధాంతంతో తెలిసింది. స్వయం నిర్ణయం వేరు, ఎవరి మీదా ఆధారపడకపోవడం వేరు అని వాళ్ళు స్పష్టంగా చెబుతారు. మనస్ఫూర్తిగా ఒకరి మీద ఆధారపడవచ్చు, అదీ స్వయం నిర్ణయమే. ఎవరి అవసరమూ లేకుండా బతుకుతూ లోపల బలవంతంగా ఈడ్చుకుపోతున్న మనిషీ ఉండవచ్చు. కాబట్టి అమీర్ మీద ఆధారపడింది గనుక రాజేశ్వరికి స్వేచ్ఛ లేదన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ రెండో ఆకలి? మైదానంలో ఆమెకు ‘నాకిది చేతనవును’ అనిపించే పని ఒక్కటైనా ఉందా? ప్రేమించడం తప్ప. ఆ ఒక్క పనికీ పని ఇచ్చేవాడు ఒక్కడే. అతను లేచి వెళ్ళిపోతే ఏం మిగులుతుంది?

భీమవరం వకీలు

మీరిద్దరూ మనసు గురించే మాట్లాడుతున్నారు. నేను కాగితాల మనిషిని, ఆ వైపు నుంచి కొంచెం చెబుతాను.

1927లో రాజేశ్వరికి విడాకులు లేవు. హిందూ వివాహ చట్టం వచ్చింది 1955లో. పుట్టింటి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా జన్మహక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచి, దేశమంతటా 2005లో. అంటే ఆమె తలుపు దాటిన నాటికి వెనక్కి తిరిగి ‘నా వాటా’ అనడానికి ఏ కోర్టూ లేదు. మరో పక్క వ్యభిచార నేరం కింద భర్త కేసు పెట్టదలిస్తే అమీర్ మీద పెట్టవచ్చు, ఆమె మీద కాదు. దాన్ని చాలామంది స్త్రీకి చేసిన మేలు అనుకుంటారు. కాదండి. ఒకరి సొత్తును మరొకరు ఎత్తుకుపోయినట్టు రాశారు ఆ సెక్షన్. సొత్తు మీద ఎవరూ కేసు పెట్టరు కదా. 2018లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అది చట్టం పుస్తకంలో ఉంది.

విడిపోయిన భార్య తిరిగి కాపురానికి రావాలని కోర్టు ఆదేశించే సెక్షన్ చెల్లదని 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది, సరిత కేసులో. శరీరం మీద నిర్ణయం ఆ మనిషిదే అన్న మాట అందులో ఎంత బలంగా ఉందో చదివితే ఒళ్ళు పులకరిస్తుంది. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు మరో కేసులో ఆ అభిప్రాయాన్ని కాదంది.

తలుపు తీసి ఉందా లేదా అని చూడకుండా, లోపలున్న మనిషి నడకలో లోపం వెతికే సిద్ధాంతం నాకు నచ్చదు.

యానాం పాఠకుడు

అందరివీ చదివాను. నాది చిన్న మాట. గట్టు లేకపోతే గోదావరి పంటకు రాదు, ముంచుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాకే కదా ఈ డెల్టాకు అన్నం దొరికింది. స్వేచ్ఛకూ గట్టు కావాలి. రాజేశ్వరి గట్టు తెంచుకుంది, మునిగింది.

లంక ఊరి మనిషి

యానాం సోదరా, ఈ పోలిక చిన్నప్పటి నుంచి వింటున్నాను, ప్రతిసారీ గుండెలో ముల్లు గుచ్చుకుంటుంది. నేను పుట్టింది ఏటిగట్టుకు లోపలి వైపు, ఏటి నడుమ ఉండే లంకలో. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా నాన్న నన్ను పాక కొప్పు మీద కూర్చోబెట్టి తాటిచెట్టుకు తాడు కట్టాడు. ఎర్రటి నీళ్ళలో మా గేదె తల ఒక్కటే కనిపిస్తూ వెళ్ళిపోయింది. గట్టు తెగనిచోట అవతలి ఊళ్ళను గట్టు కాపాడింది, నిజమే. మమ్మల్ని కాదు. ఆ నీటిని మా మీదే నిలబెట్టింది.

గట్టుకు ఏ పక్కన ఉన్నామో చెప్పకుండా గట్టు మంచిదంటే ఎలా? ప్లీడరు గారికి అది రక్ష. రాజేశ్వరి లంకలో ఉంది.

యానాం పాఠకుడు

అన్నా, ఆ కోణం నాకు తట్టలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

సఖినేటిపల్లి అక్క

నేను ఈ చర్చల్లో ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేదాన్ని. పెద్ద చదువు లేదు, పదో తరగతి. కానీ ఈ విషయం నాది అనిపించి రాస్తున్నాను.

2009 నుంచి 2014 దాకా కువైట్‌లో ఇంటిపని చేశాను. మా వైపు ఎన్ని ఇళ్ళలో ఆడవాళ్ళు అలా వెళ్ళారో మీ అందరికీ తెలుసు. దిగిన రోజే పాస్‌పోర్టు ఇంటి యజమాని తీసుకుని బీరువాలో పెట్టాడు. అకామా, అంటే అక్కడ ఉండడానికి అనుమతి కాగితం, అతని పేరు మీద. అతను సంతకం పెట్టకపోతే ఇల్లు మారడానికి లేదు, దేశానికి రావడానికి లేదు. అయిదేళ్ళలో వీధిలో ఒంటరిగా నడిచింది లేదు. మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు పిట్టగోడ మీంచి ఎదురింటి ఖర్జూరం చెట్టు తల కనిపించేది. గాలికి ఆ మట్టలు ఊగితే మన కొబ్బరిమట్టల చప్పుడులాగే ఉండేది కానీ కాదు, కొంచెం గరుకు. ఆ తేడా వినడానికే బట్టలు ఒక్కొక్కటిగా విదిలించి నెమ్మదిగా ఆరేసేదాన్ని.

మీరు చెప్పిన లెక్క ప్రకారం నాకు స్వేచ్ఛ లేదు. ఇప్పుడు రెండో సగం వినండి. ఇక్కడున్నప్పుడు మా ఇంట్లో ఉప్పు ప్యాకెట్టుకు కూడా ఆయన్ను అడిగేదాన్ని. అక్కడినుంచి డబ్బు పంపడం మొదలుపెట్టాక మా అత్తగారే ఫోనులో ‘ఏం చేద్దామంటావమ్మా’ అని అడిగింది. ముప్ఫై ఒక్క ఏళ్ళకు మొదటిసారి ఆ మాట విన్నాను. పెద్దమ్మాయి చదువు మాన్పించి పెళ్ళి చేద్దామంటే, ఆ వంటగదిలో నిలబడే వద్దన్నాను. ఆగింది. ఇప్పుడు అది నర్సు.

కాకినాడ అమ్మాయి చెప్పిన ‘సంకెల తెగడం, చేతులతో చేయగలగడం’ నాకు తలకిందులుగా జరిగింది. సంకెల బిగిశాక చేతులు పనిచేశాయి. దీన్ని ఏ పుస్తకంలో ఏ అధ్యాయంలో పెడతారో నాకు తెలియదు. అలాగని కువైట్ నాకు స్వేచ్ఛ ఇచ్చిందని ఎవరైనా రాస్తే మాత్రం ఒప్పుకోను. ఇచ్చింది నా జీతం, నా ఒళ్ళు.

అమలాపురం మాస్టారు

తల్లీ, మీరు ఇన్నాళ్ళు రాయకపోవడం మాకు నష్టం.

కాకినాడ విద్యార్థిని

అక్కా, మీ టపా రెండుసార్లు చదివాను. విక్టర్ ఫ్రాంకల్ అనే వైద్యుడు నాజీల నిర్బంధ శిబిరాల్లో బతికి బయటపడ్డాడు. మనిషి దగ్గరినుంచి అన్నీ లాక్కోవచ్చు గానీ, వచ్చిన పరిస్థితిని ఎలా తీసుకోవాలో ఎంచుకునే స్వేచ్ఛను లాక్కోలేరని 1946లో రాశాడు. ఖర్జూరపు మట్టల చప్పుడు వింటూ మీరు నెమ్మదిగా బట్టలు ఆరేయడం నాకు ఆయన మాటలాగే అనిపించింది.

సఖినేటిపల్లి అక్క

చెల్లీ, ఆ డాక్టరు గారు అంత బాధపడి చెప్పిన మాట, ఆయనకు దండం పెడతాను. కానీ జాగ్రత్త. ఆ మాట లోపలున్నవాళ్ళు తమకు తాము చెప్పుకుంటే ధైర్యం. బయటున్నవాళ్ళు లోపలున్నవాళ్ళకు చెబితే తాళం వేసినట్టే. నన్ను పంపిన ఏజెంటు కూడా అదే అన్నాడు: ‘సర్దుకుంటే స్వర్గం, మనసును బట్టి ఉంటుందమ్మా.’

కాకినాడ విద్యార్థిని

నిజం అక్కా. ఆ తేడా నాకు మా తరగతిలో ఎవరూ చెప్పలేదు.

తణుకు కౌన్సెలర్

ఆలస్యంగా వచ్చాను. ఇరవై ఏళ్ళుగా ఇక్కడి కుటుంబాలతో మాట్లాడడం నా పని. ఒక పరిశోధన గురించి చెప్పాలనిపించింది, ఎందుకంటే దాని పాత రూపమే అందరికీ తెలుసు.

1967 ప్రాంతంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద ప్రయోగాలు చేశారు. ఏం చేసినా ఆగని విద్యుత్ షాకులు తిన్న కుక్కలు, తర్వాత తప్పించుకునే వీలున్న పెట్టెలో పెట్టినా చాలావరకు కదలకుండా పడుకుండిపోయాయి. దీనికి నేర్చుకున్న నిస్సహాయత అని పేరు పెట్టారు. అప్పటినుంచి హింస భరిస్తున్న ఆడవాళ్ళను చూసి ‘నిస్సహాయత నేర్చుకున్నారు’ అనడం మా వృత్తిలో అలవాటైంది. నేనూ అన్నాను. ఆ మాట నా గదిలో ఎంతోమంది ముఖాల మీద ఎలా పడిందో ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది.

దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 2016లో, వాళ్ళిద్దరే మెదడు మీద జరిగిన కొత్త పని చూసి, తాము మొదట తలకిందులుగా చెప్పామని రాశారు. ఆగని బాధ ఎదురైతే చేష్టలుడిగిపోవడం మెదడుకు పుట్టుకతో ఉన్న స్పందన. దాన్ని ఎవరూ నేర్చుకోనక్కర్లేదు. నేర్చుకోవలసింది రెండోది: నేను చేసినదానికి ఫలితం ఉంటుంది అన్న సంగతి. అది ఒక్కసారైనా అనుభవంలోకి వస్తే మెదడు ముందుభాగం ఆ ముడుచుకుపోయే స్పందనను ఆపుతుంది.

ఇది రాజేశ్వరికి ఎలా వర్తిస్తుంది? ప్లీడరు ఇంట్లో ఆమె ఏం చేసినా, చేయకపోయినా ఒకటే. ఉదయం, వంట, నిద్ర. ఆమె కోరికకు ఎక్కడా ఫలితం లేదు. మైదానంలో మొదటిసారి ఆమె చేయి చాస్తే ఎదుటి మనిషి తిరిగి చూశాడు. అమీర్ మీద ఆమె పిచ్చిని లొంగుబాటుగా నేను చూడలేను. ‘నేను చేస్తే జరుగుతుంది’ అన్న పాఠం మొదటి రోజుల మత్తు అది. సఖినేటిపల్లి అక్కకు అదే పాఠం ‘ఏం చేద్దామంటావమ్మా’ అన్న ఫోనులో దొరికింది. పాఠం ఒకటే, తేడా ఒకటుంది. అక్కకు ఫలితం ఒక అమ్మాయి చదువులో నిలిచింది. రాజేశ్వరికి ఒక మనిషి ముఖంలో తప్ప ఎక్కడా నిలవలేదు. కాకినాడ అమ్మాయి ‘పని ఏది’ అని అడిగిందే, ఆ ప్రశ్న సరైనదే.

అమలాపురం మాస్టారు

కౌన్సెలర్ గారి మాట విన్నాక నేను ఒక మెట్టు దిగుతాను, మరో చోట గట్టిగా నిలబడతాను.

దిగేది ఇది. రాజేశ్వరి చేతిలో పని లేదన్నది నిజం. చలం అమీర్‌ను ఇచ్చాడు, ఏరు ఇచ్చాడు, పని మాత్రం ఇవ్వలేదు. స్త్రీకి శరీరం ఉంది, మెదడు ఉంది, హృదయం ఉంది అని జీవితమంతా వాదించిన మనిషి ఈ నవలలో మెదడుకు కొంచెం తక్కువ పెట్టాడేమో అని మొదటిసారి అనిపించింది. ఈ మాట రాయడానికి నాకు కష్టంగా ఉంది.

నిలబడేది ఇది. ఈ కథ చెబుతున్నది ఎవరు? రాజేశ్వరే. మొదటినుంచి చివరిదాకా ‘నేను’ అని తనే చెప్పుకుంటుంది. ప్లీడరు గారి వైపు కథ మనకు తెలియదు, అమీర్ మనసు కూడా ఆమె చెప్పినంతే తెలుసు. రోలో మే అనే మనస్తత్వవేత్త 1981లో స్వేచ్ఛ గురించి రాస్తూ, తగిలిన దెబ్బకూ మన బదులుకూ మధ్య ఒక క్షణం ఆగగలగడంలో స్వేచ్ఛ ఉందంటాడు. మైదానంలో ఆమెకు ఆ ఆగడం లేదు, నిజమే, గాలిలా పరుగెత్తింది. కథ చెప్పేటప్పుడు ఆగింది. తనకు జరిగినదాన్ని ముందు పెట్టుకుని, ఇది తప్పనీ పాపమనీ ఏడవకుండా, ఒక్కొక్కటిగా చూసింది. మీరు ‘పని ఏది’ అన్నారు. ఇదే ఆమె పని అంటాను.

భీమవరం వకీలు

మాస్టారూ, కోర్టులో ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, తన మాట తను చెప్పగలిగిన ఆడమనిషి ఎంత అరుదో. మీ వాదనకు నా ఓటు. సఖినేటిపల్లి అక్కకు ఒక సంగతి: మీరు తిరిగొచ్చిన మరుసటి ఏడాది, 2015లో, కువైట్‌లో ఇంటిపనివాళ్ళ కోసం చట్టం వచ్చింది. యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదని అందులో ఉంది. అమలు సంగతి మీ ఊరి నుంచి వెళ్ళినవాళ్ళే చెప్పాలి.

నర్సాపురం లేసు ఇల్లు

మా అమ్మ గురించి రాయాలి. అమ్మ యాభై ఏళ్ళుగా లేసు అల్లుతోంది. మిషనరీలు నేర్పిన ఈ పని మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళ చేతుల్లో ఎన్ని తరాలుగా ఉందో తెలిసిందే. ఏజెంటు దారం తూచి ఇస్తాడు, పువ్వులు లెక్కపెట్టి తీసుకుంటాడు. పద్ధతి ఎలా ఉంటుందంటే, అమ్మ ఎడమచేతి చూపుడు వేలికి దారం రెండు చుట్లు వేస్తుంది, సూది కొక్కెం చూడకుండానే కన్నంలోకి వెళుతుంది, కళ్ళు వీధి మీద ఉంటాయి. ఆ వేలి మీద దారం కోసిన గీత చర్మంలో కలిసిపోయింది, సబ్బుతో రుద్దినా పోదు.

మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ మా నర్సాపురం లేసు ఆడవాళ్ళ గురించి 1982లో ఒక పుస్తకం తెచ్చింది. లోకమంతటికీ సరుకు తయారు చేస్తున్న ఈ ఆడవాళ్ళను అందరూ ‘ఇంట్లో కూర్చున్నవాళ్ళు’ అంటారు, వాళ్ళూ అలాగే చెప్పుకుంటారు, ఆ మాట వల్లే కూలి అంత తక్కువ అని చూపించింది. మా అమ్మ కూడా జనాభా లెక్కలవాళ్ళు వస్తే ‘పనేమీ లేదు బాబూ, ఇంట్లోనే’ అనే చెబుతుంది. చేతిలో సూది ఆగదు.

కౌన్సెలర్ గారూ, ఫలితం కనిపిస్తేనే మెదడు నేర్చుకుంటుందన్నారు. మరి ఫలితం రోజూ ఒడిలో పెరుగుతూ ఉన్నా, దానికి పని అనే పేరే లేకపోతే?

మొన్న ఆదివారం అమ్మకు ‘మైదానం’ చదివి వినిపించడం మొదలుపెట్టాను. రోజుకు పది పేజీలు. నిన్న రాత్రి ఆపమని చేయి ఎత్తింది. ‘ఆ పిల్ల ఇల్లు దాటేటప్పుడు కొంగున డబ్బు ఎంత ముడేసుకుంది?’ అని అడిగింది. పుస్తకంలో ఆ లెక్క నాకు కనిపించలేదమ్మా అన్నాను. కాసేపు అల్లింది. ‘రాసినాయన మగాడు కదూ’ అంది. ఇంకాసేపయ్యాక, ‘చదువు, ఆపకు’ అంది.

తణుకు కౌన్సెలర్

మీ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. పేరు లేని ఫలితాన్ని మెదడు తనదిగా లెక్కవేసుకుంటుందా అన్నది చాలా పెద్ద ప్రశ్న. మీ అమ్మగారు అంగీకరిస్తే ఒకసారి వచ్చి కూర్చుంటాను, వినడానికి.

సఖినేటిపల్లి అక్క

నర్సాపురం చెల్లీ, మీరు అవతలి ఒడ్డు, నేను ఇవతలి ఒడ్డు. మధ్యలో వశిష్ఠ గోదావరి ఒక్కటే. పంటు పడవ ఎక్కితే ఎంతసేపు. మీ అమ్మగారు అడిగిన లెక్క నాకు తెలుసు. నేను బయలుదేరిన రోజు నా దగ్గర పదకొండు వందలు ఉన్నాయి, జాకెట్టులో పెట్టుకున్నాను. ఆదివారం వస్తాను. పుస్తకంలో ఎక్కడిదాకా వచ్చారో చెప్పండి, అక్కడివరకు చదువుకుని వస్తాను.

నర్సాపురం లేసు ఇల్లు

అమ్మతో చెప్పాను అక్కా. గర్భం సంగతి వచ్చేచోట ఆగాం. మీరు వచ్చేదాకా ముందుకు వద్దంది.